బందగి సాబ్ ఫాతెహా

తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే తోవలో ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే ముజావర్ బందగి సాబ్. ఆయన ఫాతెహా చదివిన ఏ వంటకమూ వేడివేడిగా మనిషి నోటికి చేరిన పాపాన పోలేదు.

ఫాతెహా అంటే వంటకాన్ని ముందు పెట్టుకుని చేసే ప్రార్థన, ఎవరైనా రెండు నిమిషాల్లో చదివేస్తారు. ఈయన దాని వెనకాలే షజరా మొదలుపెడతాడు. అంటే తన గురువు, ఆ గురువుకు గురువు, ఆయనకు గురువు, అట్లా ప్రవక్త దాకా పోయే పేర్ల వరుస. కళ్ళు మూసుకుని గొణుగుతూనే ఉంటాడు. ఈలోపల తీపి మలీదా ముద్దల మీద ఈగలు వాలతాయి, పిల్లలు ఏడుస్తారు, ముసలివాళ్ళు కునుకు తీసి లేస్తారు.

"జర తగ్గియ్యి సాబ్" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"ఎట్ల తగ్గిస్త బాల్‌రాజ్ పటేలా? నా చెయ్యి మా పీర్ వట్టిండు, ఆయన చెయ్యి వాళ్ళ పీర్ వట్టిండు. నడుమ ఒక్కరిని ఇడిస్తె తీగ తెగుతది."

తీగ సంగతేమో గాని, ముందు మా పేగులు తెగేట్టున్నాయి. పైగా ఆ వరుస ఏటేటా పెరిగేది. పందొమ్మిది వందల యాభైలో పావుగంట, యాభై అయిదుకల్లా అరగంట. ఎన్నడో పోయిన గురువులు ఇప్పుడెట్లా పెరుగుతారో నాకు అంతుబట్టేది కాదు.

యాభై ఎనిమిదిలో మా కొత్త బావిలో నీళ్ళు పడ్డాయి. మొక్కుకున్నట్టే మేకను కోసి దర్గా దగ్గర కందూరు విందు చేశాను. నా భార్య సత్యమ్మ పట్టుబట్టి బొంరాస్‌పేట నుంచి వాళ్ళన్న జంగప్పను పిలిపించింది. ఆయన మా గడప తొక్కి తొమ్మిదేళ్ళు. మా తమ్ముడి పెళ్ళిలో ఆయన విస్తట్లో మూలుగ ఉండే నల్లి బొక్క పడలేదు. అంతే, మర్యాద తక్కువైందని లేచిపోయాడు. ఈసారీ అలిగిపోతే ఇక పుట్టింటి ముఖం చూసేది లేదని సత్యమ్మకు దిగులు. నాలుగు నల్లి బొక్కలు విడిగా తీసి దాచింది.

జంగప్ప కుంటుకుంటూ వచ్చాడు. రెండింటి బస్సుకే తిరిగి పోతానన్నాడు.

పన్నెండున్నరకు బందగి సాబ్ కళ్ళు మూశాడు. ఒంటిగంట దాటింది. కూర మీద కొవ్వు పేరుకుంటోంది.

"చెల్లే, బువ్వ వెట్టనీకి పిలిస్తివా, ఆకలి సూపెట్టనీకి పిలిస్తివా?" అంటూ జంగప్ప తువ్వాల దులిపి లేచాడు. సత్యమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం సాబ్! గా గొణుగుడు బంద్ జేసి గట్టిగ సదువు! ఒక్క పేరు రెండుసార్లు వచ్చిందో, ఊకోను!"

ఆయన కళ్ళు తెరవకుండానే గొంతు పెంచాడు. చూస్తే పీర్ల పేర్లు ఎప్పుడో అయిపోయాయి.

"...హన్మమ్మకు సుఖంగ కాన్పు గావాలె. బండల గనిల దెబ్బ తాకిన అంజిలయ్య చెయ్యి మంచిగ గావాలె. బొంరాస్‌పేట జంగప్పకు మోకాళ్ళ నొప్పి తక్వ గావాలె, చెల్లె ఇంటికి రావాలె..."

జంగప్ప చెప్పుల్లో పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

"నా మోకాళ్ళ సంగతి గీయనకెట్ల తెల్సు?"

"నేనే చెప్పిన అన్నా" అంది సత్యమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మీ ఊరోళ్ళు ఎవ్వరొచ్చినా నీ సంగతే అడుగుత. తొమ్మిదేండ్ల సంది ప్రతి బేస్తారం నీ పేరు మీద సదివిపిస్తున్న."

జంగప్ప వచ్చి కూర్చున్నాడు. ఫాతెహా అయ్యేదాకా కదల్లేదు. బస్సు దాని దారిన అది పోయింది. చల్లారిన నల్లి బొక్కలు నాలుగూ ఆయనే జుర్రుకుని, ఇంత రుచి ఎన్నడూ చూడలేదన్నాడు.

ఏటేటా పెరిగింది గురువులు కాదు, మా ఊరివాళ్ళ కష్టాలు. నాకు సిగ్గేసింది. చేతులు కడుక్కుంటూ బందగి సాబ్ పక్కకు చేరాను.

"కష్టం తీరినోళ్ళ పేర్లు తీసేస్తవా సాబ్?"

"తీరంగనే తీసేస్త పటేలా."

"మరి నా పేరున్నదా?"

"అందరికన్న ముందుగాల నీదే. 'బాల్‌రాజ్ పటేల్‌కు కోపం తక్వ గావాలె.' పదేండ్లాయె, ఇంక తీసేసెటట్టు లేదు."

"పదేండ్లా!" అని అరిచాను.

బందగి సాబ్ నిట్టూర్చి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.