ముగ్గుతో వేసిన గేర్లు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో ఒక లారీ ఉండేది. నేల మీద, ముగ్గుపిండితో!

నవ్వకండి. రాయ్‌పూర్‌లో రైలు పట్టాల పక్కన ఒంటిగది ఇల్లు మాది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా అయ్య బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ ఏడు ఆయనకు నడుము పట్టేసింది. పొద్దున్నే గోడ పట్టుకుని లేచేవాడు. బస్తా ఎత్తలేనివాణ్ణి మిల్లులో ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? ఎనిమిదేళ్ళ వయసులో నాకు అదే బెంగ... అన్నం తింటున్నా అదే.

మిల్లు లారీ నడిపే పంజాబీ ముసలాయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన పని మానేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. అయ్య అంటే ఇష్టం కాబట్టి మిల్లు మైదానంలో స్టీరింగు తిప్పడం నేర్పాడు. గేర్లు మాత్రం ఆయనే వేసేవాడు. అయ్యకేమో రెండు చేతులా చక్రం బిగించి ఎదురుగా చూడడమే తప్ప, గేరు రాడ్డు వైపు చూసే ధైర్యం ఉండేది కాదు.

"వచ్చే ఆదివారం లోడు బండిని ఖారున్ ఏటి గట్టు ఎక్కించు. ఎక్కిస్తే డ్రైవరు పని నీదే" అన్నాడు మిల్లు సేటు.

ఒక్క వారం... అందులో గేర్లు రావాలి.

ఉస్తాద్ మా ఇంటికొచ్చి పీట మీద కూర్చుని, తన ముందు నేల మీద ముగ్గుపిండితో గేర్ల బొమ్మ వేశాడు. అయ్యకు చదువు రాదుగా... అందుకని ఒకటో గేరుకు ఒక చుక్క, రెండుకు రెండు చుక్కలు, అలా నాలుగు దాకా. రోకలి గేరు రాడ్డు. రెండు చిన్న పీటలు క్లచ్, యాక్సిలేటరు. ఇంజిను నేను!

అవును, నేనే. ఆ కాలం లారీలో గేరు ఊరికే పడేది కాదు. క్లచ్ తొక్కి, గేరు ఖాళీలోకి తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజినుకు కాస్త ఊపిచ్చి, మళ్ళీ తొక్కి, అప్పుడు వెయ్యాలి. తొందరపడితే గర్రుమని పళ్ళు కొరుకుతుంది. "గేరు చేత్తో కాదు, చెవితో వెయ్యాలి" అనేవాడు ఉస్తాద్. అందుకే నేను "ఊఁ..." అని గొంతు పెంచుతూ తగ్గిస్తూ కూర్చునేదాన్ని. అయ్య తప్పు తొక్కితే "గర్ర్!" అని అరిచేదాన్ని.

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "ఆ గేరు ఇలా ఇచ్చీయండి, వడ్లు దంచుకోవాల. లారీ ఒచ్చి కూకున్నాది, నాకు కూకోడానికి జాగా నేదు" అనేది.

ఇక్కడే నేనొక పని చేశాను...

ఇల్లు అలకడం నా పని. ఆ మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ పేడనీళ్ళతో నేలంతా అలికేశాను. బొమ్మ మాయం! ఎవరూ చూడకముందే పొయ్యి పక్క కూర్చుని, చుక్కలు గుర్తు తెచ్చుకుని మళ్ళీ వేశాను. అచ్చం అలాగే ఉంది. ఉస్తాద్ లోడు బండి తిప్పుతూ మళ్ళీ మా ఇంటికి రాలేదు, వారమంతా అయ్య దాని మీదే రోకలి తిప్పాడు. నేను నోరు మెదపలేదు.

ఆదివారం మిల్లు ముందు లోడు లారీ. సేటు నిలబడి ఉన్నాడు. అయ్య ఒకటో గేరు వేశాడు... బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆగింది. ఎవరో నవ్వారు. అయ్య మెడ వెనక చెమట కారడం కింద నుంచి నాకు కనిపించింది.

అప్పుడు తట్టింది నాకు. ఉస్తాద్ అయ్య కూర్చునే వైపు నుంచి వేశాడు. నేను ఎదురుగా, పొయ్యి వైపు కూర్చుని వేశాను!

చెబితే చంపేస్తాడేమో... చెప్పకపోతే? పరుగెత్తి లారీ మెట్టు పట్టుకున్నాను.

"అయ్యా... ఆ గేర్ల ముగ్గు నానే అలికీసినాను. మళ్ళీ నానే ఏసినాను. పొయ్యికాడ కూకోని ఏసినాను."

అయ్యకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. పక్క సీట్లో ఉన్న ఉస్తాద్‌కు హిందీలో చెప్పాడు. ఆయన తొడ మీద కొట్టుకుని మరీ నవ్వాడు. "వాహ్ బేటీ! గేర్ ఉల్టా కర్ దియా!" ఒకటి ఉండాల్సిన చోట నాలుగు, రెండు ఉండాల్సిన చోట మూడు. "కాళ్ళు సరే, చెవి సరే, చెయ్యొక్కటే తిరగబడింది" అని సేటుకు సర్దిచెప్పి, ఇంకొక్కసారి చూడమన్నాడు.

అయ్య నన్ను కోప్పడలేదు. రెక్క పట్టుకుని పైకి లాగాడు. "ఏసిందానివి నువ్వే గదా. దిద్దు."

వాళ్ళిద్దరి మధ్యా కూర్చున్నాను. అయ్య చెయ్యి గేరు మీద పడినప్పుడల్లా ఎటో చెప్పడం నా పని. ఒకటి పడింది. రెండు, మూడు కూడా పడ్డాయి. ఏటి గట్టు వచ్చింది. బండి సగం ఎక్కేసరికి ఇంజిను గొంతు పడిపోతోంది. ఇప్పుడు మూడు నుంచి రెండుకి రావాలి. తప్పితే వెనక్కే... వెనక నీళ్ళు.

"అయ్యా, నీకు దూరంగా... ఎనక్కి!" అని, భయంతో కళ్ళు మూసుకుని "ఊఁ..." అనడం మొదలెట్టాను. ఒకసారి తొక్కాడు. వదిలాడు. ఇంజిను నా గొంతుతో పాటే లేచింది. మళ్ళీ తొక్కాడు.

గర్ర్ అనలేదు.

లారీ నిదానంగా, ముసలి ఏనుగులా గట్టెక్కింది. ఆ రోజు తర్వాత మా అయ్య ఇంకొకరి బస్తా ఎత్తలేదు.

ఇప్పుడు మా మనవరాలు ఉర్లాలో ఉద్యోగానికి కారులో వెళ్తుంది. ఆ కారుకు క్లచ్చూ లేదు, గేరు మార్చే పనీ లేదు. అదే మార్చుకుంటుందట! పక్కన కూర్చుంటే నాకు ఒకటే కంగారు. వంతెన ఎక్కేటప్పుడు తెలీకుండానే "ఊఁ..." అంటాను. పిల్ల నవ్వి, "ఎక్కుతుందిలే అమ్మమ్మా" అంటుంది. నిజంగానే ఎక్కుతుంది.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు పని నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని సాయం చేసినవాళ్ళున్నారా? ఉంటే రాయండి, చదువుకుంటాను.

నేను మాత్రం ఈనాటికీ వాకిట్లో ముగ్గు వేశాక, అటువైపు వెళ్ళి నిలబడి ఇంకోసారి చూస్తాను...