ముహూర్తానికి ఇవ్వని కరెంటు

2001 వేసవిలో మా గుంటూరు కాంట్రాక్టరు నన్ను పొదిలి పంపించాడు. పత్తి జిన్నింగ్ మిల్లులకు పళ్ళచక్రాలు కోసిచ్చే ఒక వర్క్‌షాపువాళ్ళు ఇనుమును చెక్కే పాత మిల్లింగ్ మిషను కొని తెచ్చుకున్నారు. దానికి కరెంటు ఇచ్చి రావాలి. అప్పటికి నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. తీగలు లాగేది వైర్‌మన్, వాటిని పరీక్షించి సంతకం పెట్టేది సూపర్‌వైజర్.

మాది కిరాణా కొట్టు కుటుంబం. కొత్తిమీర కట్టకైనా బేరమాడకపోతే నాకు అన్నం సహించదు. కొట్టుకు పనికిరానని మా నాన్న తేల్చేశాక ఈ ఉద్యోగంలో పడ్డాను కానీ, ఆ గుణం మాత్రం వదల్లేదు. అందుకే వర్క్‌షాపు ఓనరు వెంకటేశ్వర్లు గారు, "పదకొండుకి ముహూర్తమండి, ఈలోపు అయిపోవాల" అన్నప్పుడు నేను కంగారుపడలేదు. టైము మీద బేరమాడుకోవచ్చులే అనుకున్నాను.

షెడ్డులో మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ ఉన్నాయి. పూజకని కడిగిన నేల ఇంకా ఆరలేదు. ఎర్త్ తీగ మాత్రం లేదు. మోటారులో కరెంటు దారితప్పి మిషను ఒంట్లోకి వస్తే, దాన్ని మనిషి మీదుగా పోనివ్వకుండా నేలలోకి దించే తీగ అది. మూడు ఫేజుల మిషనుకు అలాంటివి విడివిడిగా రెండు ఉండాలి.

ఆ తీగలు నేలలోకి దిగే ఎర్త్ గుంటలు ఎక్కడని అడిగాను.

"ఎర్త్ అంటే భూమేగా! నాలుగు బోల్టులేసి భూమిలోకే దించాం గదండీ. భూమిపూజ కూడా చేయించాం."

రెండు గుంటలు తవ్వాలన్నాను. "ఒకటంటే సరే, రెండోది కొసరా?" అని నవ్వారాయన.

మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసుకున్నాను. మెగ్గర్ తగిలించాను. మోటారు లోపలి తీగచుట్టకూ పైన ఇనుప ఒంటికీ మధ్య అడ్డు ఎంత గట్టిగా ఉందో చూపించే పరికరం అది. ముల్లు సున్నా దగ్గర నిలబడింది. లారీలో వస్తూ మిషను వానకు తడిసిందట.

"సున్నానా? లీకేజీ సున్నా అన్నమాటేగా! ఇంకేం, వేసెయ్యండి," అన్నారు ఓనరు.

సున్నా లీకేజీది కాదు, దాన్ని ఆపే అడ్డుది. స్విచ్ వేస్తే మిషనంతా కరెంటే. ఇంత చెప్పినా ఆయన మా కాంట్రాక్టరుకు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. "ఒక్క ఐదు నిమిషాలు తిప్పి ఆపెయ్యవయ్యా. ఆయన మనకి పాత పార్టీ," అన్నాడు మా వాడు. మనిషి ప్రాణాన్ని అంత చవగ్గా అడిగిన బేరం మా బజారులో కూడా నేను వినలేదు.

ఫోన్ పెట్టేసి, "సరేనండి. స్విచ్ నేను వేస్తాను, హ్యాండిల్ మీరు పట్టుకోండి," అన్నాను.

"నేనెందుకండీ? ఏసోబు ఉన్నాడుగా!"

ఏసోబు ఆ మిషను నడపడానికి దర్శి నుంచి వచ్చిన మనిషి. అప్పటిదాకా హ్యాండిల్ దగ్గరే నిలబడి అన్నీ వింటున్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు పట్టుకోంది నేనెట్టా పట్టుకుంటానండీ?"

"ఏరా, నీక్కూడా భయమేనా?"

"తగిలేది నాకేగదండీ."

కొబ్బరికాయ కొట్టారు. మిషను తిరగలేదు. మోటారు ఒంగోలు వెళ్ళి కొత్త తీగచుట్టతో వచ్చింది. రెండు గుంటలూ తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, మళ్ళీ అన్నీ కొలిచాకే ఫ్యూజులు పెట్టాను. క్షణం పాటు తిప్పి చూస్తే, ఇనుమును కోసే పళ్ళ కట్టరు ఎదురు దిక్కుకు తిరిగింది. రెండు ఫేజుల తీగలు అటూ ఇటూ మార్చి సరిచేశాను. అప్పుడు ఏసోబు హ్యాండిల్ పట్టుకున్నాడు.

ఆ తరవాత కట్టరు విరిగినప్పుడల్లా, "ముహూర్తం తప్పించింది ఆ గుంటూరాయనే" అని ఓనరు నన్నే తిట్టేవారట. మా కాంట్రాక్టరు నన్ను మళ్ళీ ఆ ఊరు పంపలేదు. ఏసోబుకు ఏమై ఉండేదని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పనిలో నేర్చుకున్నది ఒకటే. "ఐదు నిమిషాలే" అన్నవాడి చెయ్యి ఎక్కడుందో ముందు చూడాలి. అది మిషను మీద ఉండదు.