గోల్ విడిచి పరిగెత్తినవాడు

ధబ్. కాస్త ఆగి, మళ్ళీ ధబ్.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా నిద్రపోయే వేళ. కుక్కలు కూడా పుల్లనారింజ చెట్ల కింద కాళ్ళు బారజాపుకుని పడి ఉండేవి. ఆ నిశ్శబ్దంలో చక్కెర మిల్లు గోదాం గోడ ఒక్కటే మోగేది. ఎవరు కొడుతున్నారో తెబిక్వారీ నది ఒడ్డున పుట్టిన వాడెవడికీ చెప్పక్కర్లేదు. జనం మంచాల మీద నుంచే తిట్టేవాళ్ళు. "ఆ గోడైనా కూలాలి, ఆ క్రిస్పిన్ గాడైనా కూలాలి."

రెండూ కూలలేదు. క్రిస్పిన్ అరేకోకి అప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. జుట్టు చెరకు పూతలా తెల్లబడింది. గోడలో ఎడమ చివర, పైనుంచి మూడో వరసలో ఒక ఇటుక ఉంది. ప్రతిసారీ బంతి దానికే తగిలేది. చుట్టూ ఉన్న ఇటుకలు ఎర్రగానే ఉన్నాయి, అదొక్కటే అరిగి గుంటపడింది. నేను బోర్డులు రాసేవాణ్ణి. ఎన్నో గోడలు చూశాను. అంత కోపంగా ఉన్న గోడను మరెక్కడా చూడలేదు.

పద్నాలుగో ఏట మిల్లు యంత్రం అతని ఎడమచేతి చిటికెన వేలు సగం మింగేసింది. తోటి పిల్లలు ఎగతాళికి అతన్ని గోల్‌లో నిలబెట్టారు. "సగం వేలు తక్కువోడివి, బంతి పట్టుకో చూద్దాం!" పట్టుకున్నాడు. కానీ గోల్‌కీపర్ అంటే నిలబడి ఎదురు చూడాలి. ఎదురు చూడటం ఒక్కటే క్రిస్పిన్‌కి చేతకాదు. ఆట అవతలి చివర జరుగుతుంటే కాలికింద రాలిన పుల్లనారింజల్ని తన్నుతూ ఉండేవాడు. గురి చూసి తన్నితే అవి స్తంభానికి తగిలి పగిలేవి. అతను ఆడిన మైదానాలన్నీ ఆ పులుపు వాసన వేసేవి.

ఇరవయ్యో ఏట మా కాన్యావెరాల్ జట్టులోకి వచ్చాడు. ఒకరోజు మావాళ్ళు వరసగా మూడు ఫ్రీకిక్కులు ఆకాశంలోకి తన్నారు. నాలుగోది దొరికినప్పుడు అతను గోల్ వదిలేసి మైదానమంతా నడిచి వెళ్ళాడు. ఎవరినీ అడగలేదు. బంతి తిప్పి పెట్టుకున్నాడు, కొట్టాడు. వల ఊగింది. నవ్వుదామని తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి.

ఆ రోజు నుంచి జట్టులో ఒక కట్టుబాటు పుట్టింది. క్రిస్పిన్ ముందుకు వెళ్ళగానే డిఫెండర్ సిరియాకో వెనక్కి వచ్చి గోల్‌లో నిలబడాలి. పదిహేడేళ్ళు అలాగే సాగింది. పదిహేడేళ్ళలో నలభై మూడు గోల్స్. మా జట్టులో ఏ ఫార్వర్డూ అన్ని కొట్టలేదు.

ఇక ఆ ఫైనల్. జనవరి ఎండ, మా వైపు అదే నడి వేసవి. నది అవతలి జట్టుతో ఆట. చెరో గోల్ కొట్టారు. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు ఫ్రీకిక్ దొరికింది. క్రిస్పిన్ నడిచాడు. సిరియాకో గోల్ దగ్గరికి వచ్చాడు. గోల్ వెనకే ఇనుప కంచె, కంచె అవతల నేను, నా చేతిలో తెరెరే. ఎద్దు కొమ్ముతో చేసిన గ్లాసు నిండా చేదు ఆకు, ఐసు నీళ్ళు, దంచిన పుదీనా, పీల్చుకోవడానికి వెండి గొట్టం. సిరియాకో పెదాలు పగిలి ఉన్నాయి. "తాగరా తమ్ముడూ," అని కంచె సందులోంచి అందించాను.

ఇచ్చిన గ్లాసు కాదనడం మా దగ్గర మర్యాద కాదు. సగం తాగి ఇవ్వడం అంతకన్నా అమర్యాద. గొట్టం గురగురమనే దాకా పీల్చాలి. సిరియాకో మైదానానికి వీపు పెట్టి పీలుస్తున్నాడు, జనం కళ్ళన్నీ అవతలి గోల్ మీదే. అవతల క్రిస్పిన్ కొట్టిన బంతి అడ్డకడ్డీకి తగిలి గంటలా మోగింది. ఎవడో దాన్ని ఉన్న బలమంతా పెట్టి ఇటు తన్నాడు. బంతి ఎండలో మెల్లగా, దొర్లుకుంటూ, దారి తెలిసిన గొడ్డులా వచ్చి ఖాళీ గోల్‌లో పడుకుంది. అప్పటికి గొట్టం ఇంకా గురగురమనలేదు.

"క్రిస్పిన్ నన్ను కూడా ముందుకు పొమ్మన్నాడు," అని సిరియాకో అందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది. గోల్స్ పిచ్చితో గోల్‌నే వదిలేసిన పొగరుబోతు అంటూ క్రిస్పిన్ ఇంటి తలుపు మీద కుళ్ళిన నారింజలు విసిరింది. జట్టు అతన్ని తీసేసింది. క్రిస్పిన్ ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మా గుంపులో తెరెరే పోసే వంతు నాదైనప్పుడల్లా అతను లేచి వెళ్ళిపోయేవాడు. పుదీనా పడదేమో అనుకున్నాను.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. క్లబ్బు అరవయ్యో ఏడు పండగకి క్లబ్బు గోడ మీద గోల్స్ కొట్టినవాళ్ళ పేర్లు రాయమని అధ్యక్షుడు డోన్ నెమెసియో నన్ను పిలిచాడు. ఆయన ఇచ్చిన కాగితంలో మొదటి పేరు ఆయన బావమరిదిది, ముప్పై ఎనిమిది గోల్స్. క్రిస్పిన్ పేరు లేదు. నేను గీతలు కొడుతుండగా అతను వచ్చాడు.

"నా పేరేదయ్యా?"

"గోల్‌కీపర్లకి వేరే పట్టిక వేస్తాం క్రిస్పిన్," అన్నాడు డోన్ నెమెసియో. "ఎవరెన్ని ఆపారో అందులో ఉంటుంది."

"మరి నేను కొట్టినవి ఎక్కడ రాస్తావు? మీ ఆవిడ రొట్టెల పెనం మీదా?"

"నోరు పారేసుకోకు. కప్పు ఎవరు పోగొట్టారో ఊరందరికీ తెలుసు."

క్రిస్పిన్ నా వైపు తిరిగాడు. "రంగులోడా, నువ్వేమంటావు?"

"జాబితా వాళ్ళదన్నా. నాది కుంచె ఒక్కటే," అన్నాను.

అతను ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గోదాం గోడ మోగలేదు. రెండో రోజూ మోగలేదు. ఊరికి హాయిగా నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. జనం కిటికీలు తీసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో రోజు నేను నిచ్చెన వేసుకుని అందరికన్నా పైన రాశాను: క్రిస్పిన్ అరేకో, 43.

సాయంత్రానికి గోల. "తుడిపెయ్!" అని డోన్ నెమెసియో నిచ్చెన పట్టుకుని ఊపాడు. నేను దిగి, అక్కడ చేరిన జనం ముందు చెప్పేశాను. ఆ గోల్ ఖాళీగా ఉన్నది నా కొమ్ము గ్లాసు వల్ల అన్నాను.

"ఇరవై రెండేళ్ళకి గుర్తొచ్చిందట్రా!" ఎవరో నవ్వారు.

అందరూ సిరియాకో వైపు చూశారు. అతను టోపీ తీసి చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "ఎండగా ఉందయ్యా," అన్నాడు. "ఆ రోజు చాలా ఎండగా ఉంది."

డోన్ నెమెసియో నిచ్చెన వదిలేశాడు.

జనం వెళ్ళిపోయాక క్రిస్పిన్ వచ్చాడు. తన పేరు చాలాసేపు చూశాడు. నేను తెరెరే పోసి రెండు చేతులా అందించాను. తీసుకోలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు గానీ నాతో మాట్లాడింది మాత్రం ఈ మాటలే ఆఖరు.

"ఆ రోజు వెనక్కి పరిగెత్తుతుంటే నాకు గోల్ కనపళ్ళేదురా, దాని వెనక నీ కొమ్ము గ్లాసు కనపడింది. నేను చెబితే సాకు అంటారు. నువ్వు చెబితే నిజమంటారు. ఎదురు చూడటం రానివాణ్ణి, నా చేత ఇన్నేళ్ళు ఎదురు చూపించావు. ఆ గ్లాసు కింద పెట్టు. కుంచె తీసుకో. ఆ గోల్ ఎందుకు ఖాళీగా ఉందో నీ పేరుతో సహా అక్కడే రాయి. నా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాశావో, అంత పెద్ద అక్షరాల్లో."