అన్న పక్కన కూర్చున్నవాడు

అన్న దుబాయి పోకముందు ఇండియా, పాకిస్తాన్ మ్యాచ్ అంటే ఇద్దరం ఒకే చాపమీద కూర్చునేవాళ్ళం. వికెట్ పడితే నా తొడమీద చరిచేవాడు. అక్కడికి పోయాక ఆ దెబ్బలు ఇంకొకరి పాలయ్యాయి. అతను అన్న రూములో ఉండే పెషావర్ డ్రైవరు. ఓడిన జట్టువాడు ఆ పూట వంట చేయాలని వాళ్ళ ఒప్పందం.

ఒకసారి మనం గెలిచాం. అన్న నాకు ఫోటో పంపాడు. ఆకుపచ్చ జెర్సీలో అతను రొట్టెలు కాలుస్తుంటే, అతని భుజమ్మీద చెయ్యేసి అన్న నవ్వుతున్నాడు. నా పక్కన కూర్చుని అంతలా నవ్వినట్టు నాకు గుర్తు లేదు. గెలిచిన సంతోషం కాసేపైనా నిలవలేదు.

అవి ఎన్నికల రోజులు. ఆదిలాబాద్ చౌరస్తాలో మైకులు మ్యాచ్‌ను యుద్ధం అంటున్నాయి. మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరు దేశం వైపో తేలుస్తున్నారు. నా పేరు బయటికి రావద్దని చెప్పి ఆ ఫోటోను ఒక దోస్తుకు ఇచ్చాను. అతను గ్రూపులో పెట్టాడు.

ఆ నెలలోనే అన్న విఠలుని సప్తాహానికి సెలవు మీద వచ్చాడు. ఏడు రోజులూ గుడిలో తంబూరలాంటి భజన వీణను కింద పెట్టరు. గంటకొకరు మెడలో వేసుకుని నిలబడాలి. అప్పగించేటప్పుడు ఇద్దరూ ఒకరి కాళ్ళకు ఒకరు మొక్కాలి. ఆ ఒక్క గంట కోసమే అన్న ఏటా వచ్చేవాడు. పాకిస్తానోడి దోస్తు వీణ పట్టొద్దని గ్రూపులోని కుర్రాళ్ళు పట్టుబట్టారు. గొడవెందుకని పెద్దమనుషులు అన్న గంటను నాకిచ్చారు.

అందరిలోనూ విఠలుడే ఉన్నాడని ఇరవై ఏళ్ళుగా పారాయణంలో చదువుతున్నవాణ్ణి. వీణ వేసుకుని నిలబడ్డాను. అన్న చివరి వరసలో కూర్చుని తాళాలు వాయిస్తున్నాడు. నోట నామం రాలేదు. అరగంటకే నడిచి వెళ్ళి అతని కాళ్ళకు మొక్కాను. భజన ఆగింది.

"ఫోటో నేనే ఇచ్చిన," అన్నాను, అందరికీ వినబడేట్టు.

"ఎర్కనే. నీకొక్కనికే పంపిన గద," అన్నాడు అన్న.

వీణ తీసి అతనికిచ్చాను. ఎవరూ అడ్డు రాలేదు. అన్న దాన్ని మెడలో వేసుకుని, నా కాళ్ళకు వంగి, మెల్లగా అన్నాడు. "గీ ముచ్చట రూముల ఆయనకు చెప్పలే. తమ్ముడే చేసిండంటే మనసు కష్టపెట్టుకుంటడు."

అన్నకు ముందు గుర్తొచ్చింది ఆ డ్రైవరు మనసే. దేవుని ముందు నిలబడి కూడా నాకు మళ్ళీ కుళ్ళే పుట్టింది.