కొండల్లోని ఓక్ చెట్టు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టౌన్ ప్లానింగ్ చదివే రోజుల్లో నేను మాసన్ లేక్స్‌లో ఉండేదాన్ని. కొత్తగా కట్టిన పేట. వీధుల్లో ఉన్నవన్నీ కర్రలకు కట్టి నిలబెట్టిన మొక్కలే. వేసవిలో యూనివర్సిటీకి నడిస్తే ఎండకు మాడు పగిలిపోయేది.

ఓక్ అంటే అప్పటిదాకా నాకు ఫర్నిచర్ షాపులో విన్న పేరే. అక్కడ జనవరి అంటే నడివేసవి. అలాంటి ఒక ఆదివారం మా చర్చిలో పరిచయమైన ఆంటీ కొండల్లోని పార్కుకు తీసుకెళ్లినప్పుడు మొదటిసారి ఆ చెట్టును చూశాను. నలుగురు చేతులు కలిపినా అందని మాను. ఏనుగు తోలులా బీటలు వారిన బెరడు. కొమ్మలు పక్కలకు సాగి, గడ్డిని తాకేంత కిందికి వంగాయి. ఆ నీడలోకి అడుగుపెట్టగానే ఒంటి మీద చెమట ఆరిపోయింది.

"ఏంటమ్మా అలా నిలబడిపోయావ్? రా, బార్బెక్యూ చల్లారిపోతోంది," అన్నారు ఆంటీ.

"ఇంకాసేపు చూడనివ్వండి ఆంటీ."

ఆ తరువాత బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. అక్కడ చలికాలమైన జూలైలో వెళితే చెట్టుకు ఒక్క ఆకు లేదు. ఫొటో పంపితే, "అయ్యో, చచ్చిపోయిందా?" అన్నారు ఆంటీ. చావలేదు. బోడికొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా మాను మొదట్లో పడుతోంది. కోటు విప్పి అక్కడే కూర్చున్నాను. వేసవిలో నీడ, చలికాలంలో ఎండ. నా సెమినార్‌కు విషయం దొరికింది.

సెమినార్‌లో చెప్పాల్సినదంతా ఆ చెట్టు దగ్గరే నిలబడి పైకి చెప్పుకుంటూ ప్రాక్టీస్ చేశాను. కుక్కను తిప్పుతున్న ఒక ముసలావిడ ఆగి, చివరిదాకా విన్నది.

"బాగా చెప్పావు. కానీ అన్నిసార్లు సారీ ఎందుకు?" అంది.

నిజమే, వాక్యానికో సారీ దొర్లుతోంది. అవన్నీ తీసేసి ఆవిడ ముందే మళ్లీ మొదటినుంచి చెప్పాను.

సెమినార్‌లో ఆ ఓక్ ఫొటోలు చూపించి, కొత్త పేటల్లో ఆకు రాల్చే పెద్ద చెట్లు పెంచాలన్నాను. లెక్చరర్ మధ్యలో ఆపారు.

"రాలిన ఆకులు ఎవరు ఊడుస్తారు?"

"ఊడవడం కొన్ని వారాల పని సార్. ఎండ నెలల తరబడి ఉంటుంది."

ఒక్క సారీ కూడా చెప్పలేదు. ఆయన ఆ చెట్టెక్కడుందని అడిగారు. కొన్ని వారాల తరువాత క్లాసునంతా అక్కడికే తీసుకెళ్లారు. అప్పటికి కొమ్మల నిండా లేత చిగుళ్లు. చెట్టు గురించి చెప్పమని ఆయన నన్నే ముందుకు పిలిచారు. వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినపడేలా చెప్పాను.