బానెట్ తట్టిన పెద్దాయన

కారుని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాక నాకు మనుషుల మీదే విసుగొచ్చేసింది. "లాస్ట్ ప్రైస్ ఎంత?" అని అడిగి మాయమయ్యేవాళ్ళు కొందరు, ఐర్లాండ్‌లో బాలింకాలిగ్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి బయల్దేరామని చెప్పి ఫోన్ ఎత్తనివాళ్ళు ఇంకొందరు.

చెప్పిన టైముకి వచ్చింది ట్రాలీ అనే ఊరి నుంచి ఓ పెద్దాయన ఒక్కరే. ఆవుల్ని పెంచే రైతు. టైర్లని తన్ని చూడలేదు, గీతలు వెతకలేదు. పాడి ఆవుని తట్టినట్టు బానెట్‌ని మెల్లగా తట్టి "గ్రాండ్" అన్నారు, ఇక్కడివాళ్ళ మాటలో బాగుందని. మాట్లాడినంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉంది.

లోపల కూర్చున్నాక డాష్‌బోర్డు మీద జిగురు మరక చూసి, "ఇక్కడేముండేది?" అని అడిగారు.

"మా వినాయకుడి బొమ్మండి. కొనేవాళ్ళకి నచ్చదేమోనని నిన్ననే ఊడదీశాను."

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని క్షేమంగా ఇంటికి చేర్చినవాణ్ణి తీసేస్తారా? దారులన్నీ తెలిసినవాడు. నాతో పంపండి."

మా ఆవిడ గబగబా ఇంట్లోకెళ్ళి బొమ్మ తెచ్చి, ఉన్నచోటే అంటించి, కళ్ళు తుడుచుకుంటూ దణ్ణం పెట్టుకుంది.

ఇప్పుడు కొత్త కారు దిగినప్పుడల్లా నేను బానెట్‌ని మెల్లగా తడతాను. మా వినాయకుడు ఆయనతో వెళ్ళిపోయాడు. ఆయన అలవాటు నాకు అంటుకుంది.