దించిన సీటు

“మీ ఆవిడ అసలు కూర్చోగలదా?” అని సీట్లు కుట్టేవాడు మొహం మీదే అడిగాడు. కళ్లద్దాల షాపు గుమాస్తా సీటు ఎంత దించాలో జానతో కొలిచి చూపించాడు. పెళ్లైన కొత్తలో భార్యకి మాటిచ్చిన షికారు కోసం, జబ్బుతో ఆవిడ సగమయ్యాక, తాతలనాటి మోటార్ సైకిల్ కొన్నాడాయన. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతోనే రోజూ ట్యాంకు తుడిచేవాడు. ఆవిడ కాలు అందదని వెనక సీటు దింపించి, నడుముకి దిండు పెట్టించాడు. తొలి షికారులో సందు చివర ఆగినప్పుడు, జారిన చెప్పు కోసం ఆవిడ దిగింది. మళ్లీ ఎక్కిందనుకుని ఆయన గేరు వేశాడు. గుంత వచ్చినప్పుడల్లా “గట్టిగా పట్టుకో” అంటూ మార్కెట్ దాకా కబుర్లు చెప్పాడు. “ఎవరితో బాబాయ్ మాటలు?” అంది కూరగాయలామె. తిరిగి చూస్తే దిండు ఒక్కటే ఉంది. ఆదరాబాదరా వెనక్కొస్తే ఆవిడ ఎవరి మెట్టు మీదో కూర్చుని నవ్వుతోంది. “నేనెక్కానో లేదో కూడా తెలీలేదా మహానుభావా?” ఆయనకి నవ్వు రాలేదు. మనిషి దిగిపోయినా బండి ఇసుమంతైనా తేలిక పడలేదు మరి. నెల తిరక్కుండానే ఆవిడ పోయింది. బండి కోసం షాపు యజమాని దగ్గర తీసుకున్న అప్పుకి ఇప్పటికీ జీతంలోంచి కోత పడుతూనే ఉంది.